ఇంటి దీపాలు ఇంటిల్లిపాదికీ అనుకూలంగా వెలగాలంటే: ధర్మపురి తెలుగు కుటుంబాలకు ఒక మార్గదర్శిని

మన ధర్మపురి, పాలక్కోడు, పెన్నాగరం, హరూరు, పాపిరెడ్డిపట్టి ప్రాంతాల తెలుగు ఇళ్ళలో కొన్నేళ్ళుగా ఒక కొత్త సంగతి కనబడుతున్నది. బెంగళూరులోనో, చెన్నైలోనో, విదేశంలోనో ఉద్యోగం చేసే పిల్లలు పండుగకు వచ్చినప్పుడు ఫోన్‌తో వెలిగే బల్బులు, మాట చెబితే ఆరే లైట్లు, మనిషి వస్తే తమంతట తామే వెలిగే దీపాలు అమర్చి వెళ్తున్నారు. వారు ఉన్న నాలుగు రోజులూ అన్నీ చక్కగా నడుస్తాయి. వారు వెళ్ళాక ఇంట్లో మిగిలిన అవ్వకు, తాతకు లైటు ఎట్లా వేసుకోవాలో తెలియదు. మా సంఘం సమావేశాలకు వచ్చే పెద్దలు ఈ విషయం తరచుగా అడుగుతున్నందున, తెలిసినంతవరకు ఒకచోట కూర్చి ఇక్కడ ఇస్తున్నాము. ఇందులో ఏ కంపెనీనీ సిఫారసు చేయడం లేదు. ఇంట్లో ఎనిమిదేళ్ళ మనవరాలు మొదలు ఎనభై ఏళ్ళ జేజి వరకు ఎవరూ ఇబ్బంది పడకుండా ఈ ఏర్పాటు ఎట్లా చేసుకోవాలన్నదే ఇందులోని విషయం.

కొంత పూర్వరంగం

మన ప్రాంతానికి దగ్గరలో మేట్టూరు ఆనకట్ట 1934లో పూర్తయింది. అక్కడి జల విద్యుత్ కేంద్రం 1937లో పని మొదలుపెట్టింది. అయినా పల్లెల్లో కరెంటు దీపం రావడానికి చాలా కాలం పట్టింది. అంతవరకు గోడలోని దీపపు గూడు, కిరసనాయిలు బుడ్డి, లాంతరే ఆధారం. సందె వేళకు ఇల్లు చీకటిగా ఉండరాదని పెద్దలు చెప్పేవారు. దీపం ఆరిపోయింది అనేవారు కారు, కొండెక్కింది అనేవారు. దీపం విషయంలో మన ఇళ్ళలో ఇంత పట్టింపు ఉన్నది కనుక, కొత్త పద్ధతి వచ్చినా ఆ పట్టింపును గౌరవించేటట్టు ఉండాలి.

ఎల్.ఇ.డి. బల్బులు మధ్యతరగతి ఇళ్ళకు విరివిగా చేరడానికి ఒక ముఖ్య కారణం కేంద్ర ప్రభుత్వం 2015 జనవరి 5న ప్రారంభించిన ఉజాలా పథకం. తెలుగువారికి తెలిసిన ఇంకొక ఉదాహరణ విశాఖపట్నం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ నగరాన్ని దెబ్బతీసిన తరువాత వీధి దీపాలను ఎల్.ఇ.డి.లుగా మార్చి, వాటిని ఒకేచోటి నుండి గమనించి నడిపే ఏర్పాటు చేశారు. వీధికి అటువంటి ఏర్పాటు బాగానే సరిపోతుంది, ఎందుకంటే వీధి దీపాన్ని ఎవరూ చేత్తో వేయరు. ఇంటి సంగతి వేరు. ఒకే హాలులో ఒకరికి వెలుతురు కావాలి, ఒకరికి వద్దు, ఇంకొకరు నిద్రపోతుంటారు. చిక్కంతా ఇక్కడే వస్తుంది.

మొదటి నియమం: గోడ స్విచ్ ఎప్పుడూ పనిచేయాలి

ఇంటికి కొత్తగా వచ్చిన చుట్టం ఎవరినీ అడగకుండా లైటు వేసుకోగలగాలి. ఈ ఒక్క పరీక్షలో నెగ్గని ఏర్పాటును ఇంట్లో పెట్టుకోవద్దు.

మార్కెట్లో రెండు రకాల మార్గాలున్నవి. ఒకటి, బల్బులోనే యంత్రం ఉండే స్మార్ట్ బల్బు. రెండవది, గోడ స్విచ్ బోర్డు వెనుక అమర్చే చిన్న మాడ్యూల్, లేదా స్మార్ట్ స్విచ్.

స్మార్ట్ బల్బుకు ఎప్పుడూ కరెంటు అందుతూ ఉండాలి. అలవాటు ప్రకారం అవ్వ గోడ స్విచ్ ఆపేస్తే ఆ బల్బు ఫోనుకూ కనబడదు, మాటకూ పలకదు. ఇక పిల్లలు "స్విచ్ ముట్టుకోవద్దు" అని కాగితం అంటిస్తారు. అరవై ఏళ్ళు స్విచ్ వేసిన చేతిని కాగితం ఆపలేదు. బోర్డు వెనుక పెట్టే మాడ్యూల్‌లో ఈ చిక్కు లేదు. బల్బు మామూలుదే, స్విచ్ మామూలుదే. చేత్తో వేసినా వెలుగుతుంది, ఫోన్‌తో వేసినా వెలుగుతుంది. ఇంటర్నెట్ పోయినా గోడ స్విచ్ పని ఆగదు. కాబట్టి హాలు, వంటిల్లు, మెట్లు, స్నానాల గది వంటి ముఖ్య స్థలాలకు మాడ్యూల్ పద్ధతే మేలు. రంగులు మార్చే స్మార్ట్ బల్బు కావాలంటే పిల్లల గదిలో, టేబుల్ ల్యాంపులో పెట్టుకోవచ్చు.

స్విచ్ బోర్డు వెనుక చూడవలసినవి

1. న్యూట్రల్ వైరు: చాలా మాడ్యూళ్ళకు ఫేజ్‌తో పాటు న్యూట్రల్ కూడా కావాలి. మన ఇళ్ళలో ప్లగ్ పాయింటు ఉన్న బోర్డులో న్యూట్రల్ ఉంటుంది. ఒక్క స్విచ్ మాత్రమే ఉన్న మెట్ల బోర్డులో, వరండా బోర్డులో తరచుగా ఉండదు. కొనక ముందే వైర్‌మ్యాన్ చేత ఏ బోర్డులో ఉన్నదో చూపించుకోండి.

2. న్యూట్రల్ లేకుండా పనిచేసే రకాలు: ఇవి బల్బు గుండా కొద్దిపాటి కరెంటును పంపి తాము బతుకుతాయి. అందువల్ల ఆపిన తరువాత కూడా ఎల్.ఇ.డి. బల్బు మసకగా వెలుగుతుంటుంది, లేదా మినుకుమినుకుమంటుంది. కొందరు పెద్దలు దీన్ని చూసి భయపడతారు. బల్బుకు అడ్డంగా, ఆ పనికే అమ్మే చిన్న కెపాసిటర్ వేస్తే చాలావరకు తగ్గుతుంది. వీలైతే న్యూట్రల్ లాగించుకోవడమే మంచిది.

3. టూ-వే స్విచ్‌లు: మెట్ల కింద ఒకటి, పైన ఒకటి ఉండే స్విచ్‌లకు మాడ్యూల్ పెడితే, అది టూ-వే వైరింగుకు సరిపోయేదో కాదో చూడాలి. సరిపోనిది పెడితే ఒక స్విచ్ పనిచేసి ఇంకొకటి పనిచేయదు. మెట్ల దగ్గర అది ప్రమాదం.

4. బాక్సు లోతు: పాత చెక్క బోర్డుల్లోనూ, లోతు తక్కువ బాక్సుల్లోనూ మాడ్యూల్ ఇరుక్కుపోయి వైర్లు నలుగుతాయి. నలిగిన వైరు వేడెక్కుతుంది. చోటు చాలకపోతే బాక్సు మార్చాలి.

5. డిమ్మర్: పాత పద్ధతి డిమ్మర్‌కో, ఫ్యాన్ రెగ్యులేటర్‌కో ఎల్.ఇ.డి. లైటు కలపరాదు. డిమ్ చేయదగినది అని పెట్టె మీద రాసిన బల్బుకే డిమ్మర్ వాడాలి.

ఈ పని లైసెన్సు ఉన్న వైర్‌మ్యాన్ చేతనే చేయించాలి. మెయిన్ ఆపించి, టెస్టర్‌తో చూసిన తరువాతే బోర్డు విప్పాలి. ఇంట్లో 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. లేకపోతే, స్మార్ట్ లైట్ల కంటే ముందు దాని మీద ఖర్చు పెట్టండి. లైటు తానుగా వెలగకపోతే లేచి స్విచ్ వేసుకోవచ్చు. షాకు కొట్టితే ప్రాణం మీదికి వస్తుంది.

కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు

తమిళనాడులో మరమ్మతుల కోసం ఈబీ వారు పగలంతా కరెంటు ఆపే రోజులు ఉంటాయని అందరికీ తెలిసినదే. వానకాలంలో రాత్రిళ్ళు కూడా పోతుంటుంది. చాలా స్మార్ట్ బల్బులు కరెంటు తిరిగి రాగానే పూర్తి వెలుతురుతో వెలుగుతాయి. రాత్రి రెండు గంటలకు ఇల్లంతా ఒక్కసారిగా వెలిగితే నిద్రపోయేవారు ఉలిక్కిపడతారు. రక్తపోటు ఉన్న పెద్దలకు అది మంచిది కాదు.

యాప్‌లో దీనికొక సెట్టింగు ఉంటుంది: కరెంటు వచ్చాక వెలగాలా, ఆరి ఉండాలా, మునుపు ఎట్లా ఉంటే అట్లా ఉండాలా అని. పడక గదులకు "ఆరి ఉండాలి" అని, మెట్లకు "మునుపటి స్థితి" అని పెట్టుకోండి. ఆ సెట్టింగు లేని సరుకు మన ఊరికి పనికిరాదు.

ఇంకొకటి. లైట్లు ఇన్వర్టర్ మీద ఉండి, వై-ఫై రౌటర్ లేకపోతే కరెంటు పోయినప్పుడు ఫోన్‌తో నడిపేవన్నీ ఆగిపోతాయి. రౌటర్‌ను కూడా ఇన్వర్టర్ పాయింటుకు కలపండి. ఇంటర్నెట్ లేకున్నా ఇంటి లోపలే నడిచే రకం దొరికితే అదే ఎంచుకోండి. జిగ్బీ పద్ధతిలో ఇంట్లోనే ఒక హబ్ పెట్టి లైట్లను నడపవచ్చు. 2022లో వచ్చిన మ్యాటర్ అనే ప్రమాణం కూడా ఇంటి లోపలి అనుసంధానం మీదే ఆధారపడి, వేర్వేరు కంపెనీల సరుకులు కలిసి పనిచేసేటట్టు రూపొందించినది. వై-ఫై సరుకుల్లో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ మీదనే పనిచేస్తాయి. కొత్త రౌటర్‌లో ఆ బ్యాండు ఆపి ఉంటే అవి కలవవు.

మనిషిని గుర్తించే సెన్సార్లు

ఎక్కువగా దొరికేవి శరీరపు వేడి కదలికను పసిగట్టే పి.ఐ.ఆర్. సెన్సార్లు. వీటి తత్వం తెలిస్తే చిక్కులు సగం తగ్గుతాయి.

కదలని మనిషి వీటికి కనబడడు. స్నానాల గదిలో కూర్చున్నవారి మీద లైటు ఆరిపోతుందన్న ఫిర్యాదు మేము ఎక్కువగా వినేది ఇందుకే. అక్కడ ఆరే వ్యవధిని ఒక నిమిషం కాకుండా పది నిమిషాలు పెట్టండి. లేదా వెలిగించడం మాత్రం సెన్సార్‌కు వదిలి, ఆపడం చేతికి ఉంచుకోండి.

ఏప్రిల్, మే నెలల్లో గది వేడి మన శరీరపు వేడికి దగ్గరపడినప్పుడు ఈ సెన్సార్ల పసి తగ్గుతుంది. చలికాలంలో పెట్టి బాగుందనుకున్నది ఎండాకాలంలో ఆలస్యంగా వెలగవచ్చు. సెన్సార్ చెడిపోయిందని వెంటనే మార్చవద్దు, స్థానం మార్చి చూడండి.

ఎండ పడే కిటికీకి ఎదురుగా, వంట పొయ్యికి దగ్గరగా పెట్టరాదు. వరండాలో మరీ కిందికి పెడితే వీధి కుక్క వచ్చినా వెలుగుతుంది. సెన్సార్ మీద బల్లి పాకినా వెలుగుతుంది.

కొత్తగా వచ్చిన రాడార్ రకం సెన్సార్లు కదలకుండా కూర్చున్నవారిని కూడా గుర్తిస్తాయి. కానీ తిరిగే ఫ్యాన్‌ను, ఊగే పరదాను మనిషి అనుకునే అవకాశం ఉన్నది. వాటి దూరాన్ని, సున్నితత్వాన్ని సరిచేసుకోవాలి.

పడక గదిలో, పూజ గదిలో సెన్సార్ వద్దని మా అభిప్రాయం. ధ్యానంలో కూర్చున్నప్పుడు దీపం ఆరడం, నిద్రలో పక్కకు తిరిగితే వెలగడం ఎవరికీ ఇష్టం ఉండదు.

సందె దీపానికి వేళ

ధర్మపురిలో నవంబరు నెలలో సూర్యాస్తమయం సుమారు సాయంత్రం 5.50కి, జూలై మొదట్లో సుమారు 6.45కి అవుతుంది. అంటే ఏడాదిలో దాదాపు గంట తేడా. ఆరు గంటలకు అని టైమర్ పెడితే కార్తీకంలో ఇల్లు చీకటి పడ్డాక వెలుగుతుంది, ఆషాఢంలో ఎండ ఉండగానే వెలుగుతుంది. దాదాపు అన్ని యాప్‌లలోనూ "సూర్యాస్తమయానికి" అనే ఎంపిక ఉన్నది. ఊరి పేరు సరిగా ఇస్తే వేళను అదే లెక్క వేసుకుంటుంది. వాకిలి లైటు అస్తమయానికి పది నిమిషాల ముందు వెలిగి, రాత్రి పదకొండుకు తగ్గేటట్టు పెట్టుకుంటే ఇంట్లో ఎవరికీ గుర్తు చేయవలసిన పని ఉండదు.

రాత్రి లేచే పెద్దల కోసం

ఈ ఏర్పాటు వల్ల నిజంగా మేలు జరిగేది ఇక్కడ. డెబ్భై దాటినవారు రాత్రి రెండు మూడుసార్లు లేస్తారు. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, కంటి కటకం మసకబారుతుంది. యువకుడి కంటికి చేరే వెలుతురులో సగం కంటే తక్కువే పెద్దవారి కంటికి చేరుతుంది. వెలుగు నుండి చీకటికి అలవాటు పడటానికి వారికి ఎక్కువ సమయం పడుతుంది. స్విచ్ వెతుక్కుంటూ చీకటిలో నడిచి పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఆ వయసులో దాని నుండి కోలుకోవడం ఎంత కష్టమో మన కుటుంబాల్లో చూసినవారికి తెలుసు.

మంచం నుండి స్నానాల గది వరకు దారిలో నేలకు అడుగు ఎత్తున, మసకగా, పసుపు వన్నెలో వెలిగే చిన్న దీపాలు పెట్టండి. కాలు కింద పెట్టగానే వెలిగేటట్టు సెన్సార్‌ను మంచం పక్కన కిందికి అమర్చండి. పై లైటు ఒక్కసారిగా వెలిగితే కళ్ళు చెదిరి ఇంకా తడబడతారు. డబ్బా మీద 2700 కెల్విన్ అని ఉంటే పసుపు వెలుగు, 6500 అని ఉంటే తెల్లని వెలుగు. రాత్రి దీపానికి మొదటిదే తగినది. గడపలు, మెట్ల అంచులు కనబడుతున్నాయో లేదో మీరే రాత్రి నడిచి చూడండి.

వెనుక మన ఇళ్ళలో ఈ పని చేసినది జీరో బల్బు. పేరుకు జీరో అయినా అది పది పదిహేను వాట్లు తినేది. ఇప్పుడు అర వాటు, ఒక వాటు ఎల్.ఇ.డి. దీపం చాలు. సెన్సార్ కొనడానికి వీలుకాకపోతే ఈ దీపాన్ని రాత్రంతా వెలగనిచ్చినా సరిపోతుంది.

మాట వినే యంత్రాలు, మన తెలుగు

మన ఇళ్ళలో "లైటు వెయ్యి", "లైటు తియ్యి" అంటాము. మధ్యలో తమిళ మాటలు కలుస్తాయి. మన దేశంలో అమ్మే మాట వినే స్పీకర్లు ముఖ్యంగా ఇంగ్లీషు, హిందీ కోసం తయారైనవి. అందువల్ల ఇంట్లో ఇంగ్లీషు వచ్చిన మనవడి మాట యంత్రం వింటుంది, జేజి మాట వినదు. ఇంటికి పెద్ద అయిన మనిషి లైటు కోసం మనవడిని బతిమాలుకోవలసి రావడం మర్యాద కాదు.

దీనికి మూడు దారులున్నవి. ఒకటి, యాప్‌లో మనమే పెట్టుకునే ఆజ్ఞా వాక్యంగా తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి, పెద్దవారి గొంతుతోనే పరీక్షించడం. కొన్ని మాటలు పలుకుతాయి, కొన్ని పలకవు. పలికిన మాటనే ఉంచుకోవాలి. రెండవది, ఫోన్‌లోని సహాయకులను వాడటం. గూగుల్ వారి జెమిని ఫోన్ యాప్ 2024 జూన్‌లో మన దేశంలో విడుదలైనప్పుడే తెలుగు, తమిళం, కన్నడం కలిపి తొమ్మిది భారతీయ భాషల్లో వచ్చింది. దానితో మీ లైట్లు పలుకుతాయో లేదో కొనకముందు దుకాణంలోనే తెలుగులో మాట్లాడి చూడండి. మూడవది, అన్నిటికంటే నమ్మకమైనది: మంచం పక్కన అంటించే బ్యాటరీ బటన్. దానికి భాషతో పని లేదు.

గదులకు పేర్లు పెట్టేటప్పుడు ఇంట్లో వాడే మాటలే పెట్టండి: హాలు, వంటిల్లు, మిద్దె, వాకిలి. బటన్ మీద పేరు రాసేటప్పుడు ఇంట్లో ఎవరికి ఏ లిపి చదవడం వచ్చునో చూసుకోండి. మన పెద్దల్లో కొందరికి తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాదు, పిల్లల్లో చాలామందికి అంతే. తెలుగులోనూ తమిళంలోనూ రాసి, పక్కన చిన్న బొమ్మ వేస్తే అందరికీ సరిపోతుంది. పిల్లలకు నాలుగు తెలుగు అక్షరాలు రోజూ కంటపడటం కూడా లాభమే.

తాళం ఎవరి చేతిలో ఉన్నది?

కొడుకు తన ఫోన్ నెంబరుతో, తన ఖాతాతో అన్నీ అమర్చి వెళ్తాడు. ఫోన్ మార్చినా, పాస్‌వర్డ్ మరిచినా ఇక్కడి ఇల్లు ఆగిపోతుంది. వై-ఫై పాస్‌వర్డ్ మార్చితే అన్ని లైట్లూ విడిపోతాయి. కాబట్టి ఈ ఇంట్లో నివసించేవారి పేరునే ఖాతా తెరిచి, దూరంగా ఉన్న పిల్లలను కుటుంబ సభ్యులుగా చేర్చండి. ఇంట్లో కనీసం ఇద్దరి ఫోన్‌లలో యాప్ ఉండాలి. కోడలికి కూడా భర్తతో సమానంగా అధికారం ఇవ్వండి, ఇంట్లో దీపాలతో ఎక్కువ పని ఆమెకే.

యాప్‌లో ఏ లైటు ఎప్పుడు వెలిగిందో దూరంనుండి చూడవచ్చు. అమ్మానాన్నలు క్షేమంగా లేచారని తెలుసుకోవడానికి ఇది కొందరికి ఊరట. కానీ రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఎప్పుడు బయటికి వెళ్ళారు అన్నది కూడా అందులో తెలుస్తుంది. పెద్దవారికి ఆ సంగతి చెప్పి, వారు ఒప్పుకుంటేనే ఆ సౌకర్యం ఉంచాలి.

ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ బోర్డులో ఏ మాడ్యూల్, కొన్న తేదీ, రసీదు, వారంటీ, ఖాతా వివరం, వైర్‌మ్యాన్ ఫోన్ నెంబరు, మునుపటి స్థితికి ఎట్లా మార్చాలి అన్నవి రాసి ఈబీ కార్డు పక్కన ఉంచండి. పాస్‌వర్డులు మాత్రం వేరే కాగితంలో రాసి బీరువాలో పెట్టండి.

బిల్లు లెక్క

కరెంటు ఆదా అవుతుందని చెప్పి అమ్ముతారు. లెక్క చూద్దాం. తమిళనాడులో గృహ బిల్లు రెండు నెలలకు ఒకసారి వస్తుంది. 2016 మే నుండి మొదటి 100 యూనిట్లు ఉచితం.

60 వాట్ల పాత బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే రెండు నెలలకు 18 యూనిట్లు. అంతే వెలుతురు ఇచ్చే 9 వాట్ల ఎల్.ఇ.డి. అయితే 2.7 యూనిట్లు. అసలు ఆదా ఇక్కడే అయిపోయింది.

స్మార్ట్ మాడ్యూల్ లైటు ఆరి ఉన్నప్పుడు కూడా కొంత కరెంటు తీసుకుంటుంది. ఒక వాటు అనుకుంటే రెండు నెలలకు 1.44 యూనిట్లు. పది పెడితే 14.4 యూనిట్లు. రోజుకు రెండు గంటలు మాత్రమే వెలిగే 9 వాట్ల లైటు రెండు నెలలకు 1.08 యూనిట్లే తింటుంది. అంటే ఆ లైటు కంటే దాని మాడ్యూలే ఎక్కువ తింటుంది. ఎనిమిది గంటలు మరిచిపోయి వదిలేసే లైటుకైతే రెండు నెలలకు 4.32 యూనిట్లు వృథా, అక్కడ మాడ్యూల్ పెట్టడం లాభమే. కనుక ఇల్లంతా కాకుండా అవసరమైన మూడు నాలుగు చోట్ల పెట్టడం మంచిది. ఖర్చు పెట్టడానికి సరైన కారణం పెద్దల భద్రత, తరువాత సౌకర్యం. బిల్లు తగ్గుతుందన్న ఆశతో కొనవద్దు.

ఏ వరుసలో మొదలుపెట్టాలి

మొదట ఆర్.సి.సి.బి., వైరింగ్ తనిఖీ. రెండవది రాత్రి దారి దీపాలు. మూడవది మెట్లు, వాకిలి. నాలుగవది హాలు. ఒక్కొక్కటి పెట్టాక రెండు వారాలు వాడి, ఇంట్లో అందరినీ అడిగిన తరువాతే తరువాతిదానికి వెళ్ళండి. ఇంట్లో ఒక్కరు ఇబ్బంది అన్నా ఆ ఏర్పాటును సరిచేయాలి, లేదా తీసివేయాలి.

అంతా అయ్యాక ఒక సాయంత్రం ఈ నాలుగు పరీక్షలు చేయండి. రౌటర్ ఆపి, గోడ స్విచ్‌లు పనిచేస్తున్నాయో చూడండి. మెయిన్ ఆపి మళ్ళీ వేసి, ఏ లైట్లు వెలిగాయో చూడండి. ఫోన్‌లు పక్కన పెట్టి, ఇంట్లో అందరికంటే పెద్దవారిని పడక నుండి స్నానాల గదికి నడిచి రమ్మనండి. చివరగా పక్కింటివారిని పిలిచి, ఏమీ చెప్పకుండా వంటింట్లో లైటు వేయమనండి.

పండుగలకు ఊరికి వచ్చే పిల్లలకు మా మనవి: సరుకు కొనుక్కురాక ముందు ఈ వ్యాసాన్ని ఒకసారి చదవండి, అమర్చిన తరువాత ఇంకొక రెండు రోజులు ఉండి అమ్మకు, నాయనకు చేత్తో చేయించి చూపండి. మన సభ్యుల్లో వైరింగ్ పని తెలిసినవారు తీరిక ఉన్నప్పుడు ఒంటరిగా ఉంటున్న పెద్దల ఇళ్ళకు వెళ్ళి, రాత్రి దారి దీపం ఒక్కటైనా సరిగా ఉన్నదో లేదో చూసి రావలసిందిగా కోరుతున్నాము.